సాగర్ నడుమ ఒక సెలవు

సెలవు రోజుల్లో నాగార్జున సాగర్‌కు హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, విజయవాడ నుంచి జనం వస్తారు. కట్ట చూస్తారు. గేట్లు ఎత్తితే తుంపర్లలో తడుస్తారు. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోతారు. చేపల కూర తిని సాయంత్రానికి తిరుగు బండి ఎక్కుతారు. మా తండా నుంచి కూడా సాగర్‌కు పోయేవాళ్ళున్నారు. మిరపకాయ కోతలకు అవతలి ఒడ్డుకు పోతారు. రోడ్డు పనికి పోతారు. ఒంట్లో బాగలేకపోతే దవాఖానకు పోతారు. “సాగర్‌కు పోతున్న” అని మా తండాలో ఎవరన్నా అంటే ఎదుటివాళ్ళు “ఏం పని?” అని అడుగుతారు. “చూసొద్దామని” అనే జవాబు నా చిన్నతనంలో నేను వినలేదు.

ఈ వ్యాసం ఆ జవాబు గురించే.

ద్వీపంలో సెలవు గడపడమంటే పత్రికల్లో వచ్చే బొమ్మలు వేరు. నీలం రంగు సముద్రం, తెల్ల ఇసుక, కొబ్బరి చెట్ల కింద ఊయల. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు. అక్కడ నీళ్ళ మీద తెడ్డు పడవలు, నీళ్ళ లోపల చేపల మధ్య ఈతలు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ చుట్టుపక్కల తండాల్లో పిల్లలకు అవి ఫోన్‌లో కనబడే బొమ్మలే. కానీ మనకూ ఒక ద్వీపం ఉంది. హాలియా మీదుగా బస్సులో పోతే మధ్యాహ్నం లోపే చేరుకోవచ్చు. దాని చుట్టూ ఉన్నది ఉప్పు నీళ్ళు కావు, మన పొలాలకు వచ్చే కృష్ణ నీళ్ళే.

ఆ ద్వీపం వయసు నా తండ్రి వయసు కన్నా తక్కువ. మొదట అది కొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ నిండింది. పొలాలు, ఊళ్ళు, దారులు అడుక్కి పోయాయి. కొండ పైభాగం మాత్రం నీళ్ళ మీద మిగిలింది. సముద్రంలోని ద్వీపాలను సముద్రం చేసింది. ఈ ద్వీపాన్ని తట్టలు మోసిన మనుషులు చేశారు. రాతితో కట్టిన డ్యాముల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇది ఒకటి. ఆ రాళ్ళు చాలా మటుకు మనుషుల భుజాల మీద, నెత్తుల మీద పైకెక్కాయి. మా దాదా కూడా ఆ పనిలో తట్ట మోశాడు. కట్ట పూర్తయ్యాక ఊరికొచ్చి జొన్నలు వేసుకున్నాడు. ఎడమ కాలువ నీళ్ళు తాగాడు కానీ లాంచీ మాత్రం ఎక్కలేదు. ఎక్కకూడదని ఎవరూ అనలేదు. ఎక్కాలని ఆయనకు తోచలేదు, అంతే. కట్టిన మనిషికి చూసే హక్కు ఉందన్న మాట కూడా ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుంది.

పోయిన ఏడాది నవంబరులో ఒక ఆదివారం మా బడి పిల్లలను ముప్పై ఒక్క మందిని అక్కడికి తీసుకుపోయాం. అందరూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు. చుట్టుపక్కల తండాల పిల్లలే ఎక్కువ. వర్షాలు పోయి జలాశయం నిండుగా ఉన్న రోజులు. కానీ అవి పత్తి ఏరే రోజులు కూడా. అనుమతి చీటీ మీద సంతకం కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఒక తల్లి నన్ను గడపలోనే నిలబెట్టి అడిగింది. ఆమె మా గోర్ మాటలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

“భియా, ఆదివారం నా బిడ్డ పత్తి ఏరితే కూలి వస్తది. నీ ఎంట వస్తే కూలి పోతది, పైన టికెట్ పైసలు పోతయి. నీళ్ళు చూడనీకి అంత దూరం పోవాల్నా? కాలువల లేవా నీళ్ళు?”

ఆమె ప్రశ్న తప్పు కాదు. ఒక్కరోజు కూలి విలువ ఎంతో పత్తి చేన్లో నడుము వంచిన వాళ్ళకే తెలుసు. ఆమెకు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లలు పది వారాలుగా వారానికి పది రూపాయలు దాచుకుంటున్నారని, టికెట్ ఖర్చు అందులోనే వెళ్తుందని మాత్రం చెప్పాను. కూలి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె కాసేపు ఆలోచించి వేలిముద్ర వేసింది.

ఉపాధ్యాయులకు మాత్రం ఒక మాట చెప్పాలి. మన రాజ్యాంగం 43వ అధికరణంలో కార్మికులకు బతకదగిన కూలితో పాటు తీరికను పూర్తిగా అనుభవించే వీలు కూడా ఉండాలని రాసి ఉంది. అది ఆదేశిక సూత్రాల్లో ఉంది కాబట్టి కోర్టుకు పోయి తెచ్చుకోలేం. కానీ రాసిన వాళ్ళు కూలిని, తీరికను ఒకే వాక్యంలో పెట్టారు. ఐక్యరాజ్యసమితి 1989లో తెచ్చిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతి, ఆట, తీరిక పిల్లల హక్కు అంటుంది. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. పౌరశాస్త్రం పాఠంలో హక్కులు చెప్పేటప్పుడు ఓటు హక్కు, చదువు హక్కు చెప్తాం. తీరిక హక్కును చెప్పం. చెప్పకపోవడం వల్లే మన పిల్లలు ఆడుకుంటూ కనబడితే పెద్దలకు పని ఎగ్గొట్టినట్టు కనబడతారు.

హిల్ కాలనీ దగ్గర లాంచీ ఎక్కే ముందు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. పెద్ద పిల్లలు కొందరు సిగ్గుపడ్డారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి జాకెట్ పట్టీలు గట్టిగా బిగించుకొని “సార్, ఇది ఏసుకుంటే నిజంగనే మునగరా?” అని మూడుసార్లు అడిగింది. ఎందుకు అడిగిందో నాకు తెలుసు. వాళ్ళ తండా పక్క నుంచే ఎడమ కాలువ పోతుంది. నాలుగేళ్ళ కింద ఆమె చిన్నాయన కొడుకు, పద్నాలుగేళ్ళ వాడు, బర్రెను కడగడానికి కాలువలో దిగి కొట్టుకుపోయాడు. మూడో రోజు దొరికాడు. చెరువు వేరు, వాగు వేరు, సిమెంటు కాలువ వేరు. కాలువ గోడ ఏటవాలుగా, పాచి పట్టి నున్నగా ఉంటుంది. పట్టుకుందామంటే ఒక వేరు ఉండదు, ఒక రాయి ఉండదు. పైకి ప్రశాంతంగా కనబడే నీళ్ళకు లోపల గుంజే బలం ఉంటుంది.

ఆ పిల్లవాడు పోయినప్పటి నుంచి ఆ తండాలో పిల్లలను నీళ్ళ దగ్గరికే పోనివ్వడం లేదు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ భయం ఈత నేర్పదు. నీళ్ళ పక్కన పుట్టి, నీళ్ళ మీద బతికి, ఈత రాకుండా పెరుగుతున్న తరం ఒకటి తయారవుతోంది. పట్నం పిల్లలకు ఈత సెలవుల్లో నేర్చుకునే సరదా. మన పిల్లలకు అది ప్రాణం. సరదా అని మనం పక్కన పెట్టినవాటిలో ప్రాణానికి సంబంధించినవి ఎన్ని ఉన్నాయో ఆ రోజు లాంచీలో కూర్చొని లెక్కపెట్టాను.

గంట సేపు ప్రయాణం. రెండు పక్కలా నల్లమల కొండలు. ఒడ్డు దూరమైన కొద్దీ పిల్లల మాటలు తగ్గాయి. అంత నీళ్ళను వాళ్ళు ఎప్పుడూ నడి మధ్య నుంచి చూడలేదు. తర్వాత ఒకడు కేక పెట్టాడు, కొండ ఆ కేకను తిరిగి పంపింది. ఇక అందరూ మొదలుపెట్టారు.

మాతో పాటు మా దాది కూడా వచ్చింది. తట్ట మోసిన దాదా భార్య. వయసు ఎనభై దాటింది. ఇప్పటికీ అద్దాలు కుట్టిన ఫేటియా, కాంచళి, చేతినిండా గాజులు. ద్వీపం మీద దిగి చెట్టు కింద కూర్చోగానే ఒక పట్నం కుటుంబం దగ్గరికొచ్చింది. వాళ్ళ అబ్బాయి ఫోన్ తీసి, “అవ్వా, కొంచెం అటు నిలబడతావా, డ్రెస్ బాగుంది, ఒక ఫొటో” అన్నాడు. దాది లేవలేదు.

“నేను గూడ నీ లెక్కనే చూడనీకొచ్చిన బిడ్డా,” అంది. “చూసినంక తీస్కో.”

అతను మంచివాడే. నవ్వేసి పక్కన కూర్చున్నాడు. తర్వాత అందరూ కలిసి ఫొటో దిగారు. మా దాది అన్న ఆ మాట మాత్రం నేను మరిచిపోలేదు. టూరిజం పోస్టర్ల మీద మన ఆడవాళ్ళ బొమ్మలుంటాయి. ఉత్సవాల్లో మంత్రి వస్తే మన పిల్లలతో ఆట ఆడిస్తారు. మనం చూడదగిన వాళ్ళం అయ్యాం. చూసేవాళ్ళం కాలేదు. టికెట్ కొని, నీడలో కూర్చొని, ఏ పనీ లేకుండా నీళ్ళను చూసే గిరిజనురాలు ఇంకా కొత్తగానే కనబడుతోంది.

నిజానికి మనవాళ్ళకు ప్రయాణం కొత్త కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగిన జాతి మనది. ఆ లదేణీ కథలు మా దాదికి ఇప్పటికీ తెలుసు. రోడ్లు, రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తిరిగే జాతులను ఎన్నింటినో పుట్టుకతోనే అనుమానితుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం 1952లో పోయింది కానీ, కొత్త ఊళ్ళో కాలు పెడితే ఎవరో ఒకరు “ఎక్కడోళ్ళు, ఎందుకొచ్చిండ్రు?” అని అడుగుతారన్న బెదురు మన ఇళ్ళల్లో మిగిలింది. పని ఉంటేనే బయటికి పోవాలి, జవాబు చెప్పగలిగితేనే పోవాలి. తిరగడమే బతుకైన వాళ్ళకు తిరగడానికి కారణం చూపాల్సి రావడం ఎంత వింత!

ద్వీపం మీద మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, ఉపాధ్యాయులు గుర్తుపెట్టుకోవాలి. లోయలోని పాత కట్టడాల సంగతి 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించారు. డ్యాము వస్తుందని తేలాక 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. మునిగిపోయే కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి విప్పి తెచ్చి ఈ కొండ మీద, కుడి ఒడ్డున అనుపు దగ్గర మళ్ళీ నిలబెట్టారు. పదిహేడు వందల ఏళ్ళ కింద ఇది ఇక్ష్వాకుల విజయపురి. రాజు శాంతమూలుని చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చిందని శాసనాలు చెప్తున్నాయి. సింహళ ద్వీపం నుంచి వచ్చిన భిక్షువులకు ఇక్కడ ఒక విహారం ఉండేది. అంటే ఒకప్పుడు సముద్రం మధ్యలోని ద్వీపం వాళ్ళే మన లోయకు ప్రయాణమై వచ్చారు.

పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది రాతి పనిముట్లు. చేతిగొడ్డలి రాయిని చూసి “ఇసొంటివి మా గుట్ట కింద ఉంటయి” అన్నాడు ఒకడు. ఉండవచ్చు, ఈ లోయలో మనుషులు రాతియుగం నుంచీ ఉన్నారు. తర్వాత మునిగిన లోయ నమూనా చుట్టూ చేరారు. ఎక్కడ ఏ విహారం, ఎక్కడ నది అని వేళ్ళతో చూపించుకుంటున్నారు. లైఫ్ జాకెట్ గురించి అడిగిన పిల్లే అక్కడ కూడా అడిగింది. “సార్, ఇందుల తండాలేవి?”

అది తవ్వకాల్లో దొరికిన కట్టడాల నమూనా అని చెప్పాను. రాతితో కట్టినవి దొరుకుతాయి, గడ్డితో కప్పినవి దొరకవు. కదిలిపోయిన వాళ్ళ పొయ్యి బూడిద కూడా మిగలదు. కాబట్టి మనవాళ్ళు నడిచిన దారులు ఎవరో తవ్వి తీస్తారని కాచుకోలేం, మనమే రాసుకోవాలి. ఆ పిల్ల తల ఊపింది. జవాబు చాలిందని ఊపిందో, సార్‌తో ఇంతకన్నా కాదనుకొని ఊపిందో తెలియలేదు.

నేను ఇదివరకు ఒకసారి అనుపు పోయాను. అక్కడ మళ్ళీ కట్టిన ఇక్ష్వాకుల రంగస్థలం ఉంది. మధ్యలో చదును నేల, చుట్టూ కూర్చునేందుకు మెట్లు. ఆటలు, పాటలు చూడడానికి కట్టుకున్న చోటు అది. ఒక రాజధానిని తవ్వితే కోట దొరికింది, విహారాలు దొరికాయి, వాటి పక్కనే ఆట చూసే చోటూ దొరికింది. ఆ కాలపు మనుషులు తీరికకు కూడా రాళ్ళు మోశారు. దాన్ని దండగ అనుకోలేదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చడి తిని పిల్లలు చెట్ల కింద పడుకున్నారు. కొందరు పాటలు పాడారు. ఆడపిల్లలు తీజ్ పాట ఎత్తుకుంటే మా దాది అడుగు కలిపింది. తీజ్‌ను మనం పండుగ అంటాం. దాన్ని ఇంకో రకంగా కూడా చూడవచ్చు. బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ, తొమ్మిది రోజులు పెళ్ళికాని పిల్లలు కలిసి పాడుకొని, ఆడుకొని, చివరికి మొలకలను నీళ్ళలో కలుపుతారు. ఏడాదిలో తండా ఆడపిల్లకు ఎవరూ పని చెప్పని రోజులంటూ ఉంటే అవే. మన పెద్దలకు తీరిక విలువ తెలుసు. దాన్ని పండుగ పేరుతో కాపాడారు. ఇప్పుడు పత్తి, మిరప పనుల మధ్య తీజ్ కూడా కురుచవుతోంది.

సాహసం మాటకొస్తే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. నల్లమల చెంచులు తేనె కోసం తాడు పట్టుకొని కొండ చరియ మీద నుంచి దిగుతారు. పట్నంలో అదే పనికి డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకొని దిగుతారు. మన పిల్లలు సీతాఫలాలకు గుట్టలెక్కుతారు, తునికి పండ్లకు అడవి తిరుగుతారు, ఎండ్రకాయలకు వాగు రాళ్ళు తిరగేస్తారు. ఆ ఒడుపుకు శిక్షణ తోడైతే ఏమవుతుందో మాలావత్ పూర్ణ చూపించింది. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. మన పాత నల్లగొండ జిల్లా భువనగిరి గుట్ట మీదే రాళ్ళెక్కడం నేర్చింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు ఎక్కింది. 2022 నాటికి ఏడు ఖండాల్లో ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది. ఆమె కాళ్ళ బలం తండాలో ప్రతి ఇంట్లో ఉంది. తాడు, బూట్లు, చూపించే మనిషి లేరు.

ఇందులో ఉపాధి మాట కూడా ఉంది. సాగర్‌లో లాంచీలు నడుస్తాయి, గైడ్లు ఉంటారు, పర్యాటకుల గదులు ఉంటాయి. ఈ నీళ్ళను, గుట్టలను పుట్టుకతో ఎరిగిన యువకులు ఆ పనుల్లోకి పోవాలంటే ముందు వాళ్ళకు ఆ చోటు తమదిగా తెలియాలి. లాంచీ ఎక్కని పిల్లవాడు లాంచీ నడపాలని కలగనడు. చరిత్ర చదవని పిల్ల గైడు కాలేదు. వంట గిన్నెలు కడగడానికి మాత్రమే మనల్ని పిలిచే పర్యాటకం మనకొద్దు.

తిరిగొచ్చాక మేం రెండు పనులు పెట్టుకున్నాం. మొదటిది పటం. మ్యూజియంలో చూసిన నమూనా లాగే మా తండాల పటం పిల్లలే గీశారు. అవ్వలను, తాతలను అడిగి పాత ఎడ్ల దారి, ఎండిపోయిన ఊట, సేవాలాల్ గుడి, తేనె తుట్టెల చింతచెట్టు, దిగకూడని కాలువ మలుపు, దిగదగ్గ చెరువు రేవు గుర్తు పెట్టారు. కొట్టుకుపోయిన పిల్లవాడి చోటును కూడా ఆ పిల్ల ఎర్ర రంగుతో గుర్తు పెట్టింది. ఎవరూ చెప్పలేదు.

రెండోది ఈత. ఒక రైతు తన మెట్ల బావి ఇచ్చాడు. ఎండాకాలంలో ఉదయం పూట, నడుముకు తాడు, వీపుకు ఖాళీ డబ్బా కట్టి, ఈతొచ్చిన పెద్దలు ఇద్దరు నీళ్ళలో, ఇద్దరు గట్టు మీద ఉండి నేర్పారు. కాలువలో ఒక్కనాడూ దింపలేదు. పదకొండు మందికి ఈత వచ్చింది, అందులో ఐదుగురు ఆడపిల్లలు. పదకొండు పెద్ద లెక్క కాదు. కానీ ఒక్కటి తగ్గినా ఎంత పెద్దదో ఆ తండాకు తెలుసు.

ఉపాధ్యాయ మిత్రులు ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే లాంచీ నడిచేదీ లేనిదీ ముందు రోజే కనుక్కోండి. గాలి, వాన ఉంటే మానుకోండి. జాకెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కించకండి. ప్రతి తరగతి నుంచి ఒక తల్లినో, అవ్వనో వెంట తీసుకుపోండి. పిల్లలు చూసేది వాళ్ళూ చూస్తే, తర్వాత ఇంట్లో మాట నిలుస్తుంది. తిరిగొచ్చాక వ్యాసం రాయమని వెంటనే కాగితం ఇవ్వకండి. కొన్ని రోజులు మాట్లాడుకోనివ్వండి.

ఈసారి ఎత్తిపోతలకు పోవాలని పిల్లలు అంటున్నారు. సాగర్‌కు పదకొండు కిలోమీటర్లు, చంద్రవంక వాగు డెబ్భై అడుగుల పై నుంచి దూకే చోటు. కింద మొసళ్ళను పెంచే కేంద్రం ఉంది. బస్సు కిరాయి, భోజనం, టికెట్లు కలిపి తలకు ఎంత పడుతుందో తొమ్మిదో తరగతి వాళ్ళే లెక్క వేస్తున్నారు. పత్తి, మిరప పనులు లేని ఆదివారం ఏదో కూడా వాళ్ళే చూస్తున్నారు. లెక్క తేలగానే తారీఖు పెడతాం.